బావి నీళ్లలో ఇనుము: ఎనిమిది నెలల నా అనుభవం

నిన్న మా బాబు స్కూలు చొక్కా ఉతికి ఆరేశాను. ఆరాక కాలరు తిప్పి చూశాను, భుజాలు చూశాను. తెల్లగానే ఉంది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

మాది నర్సంపేట దగ్గర. పెరట్లో చేదబావి, దానికి మోటారు. తాగడానికి భగీరథ నల్లా ఉంది. వంటకు, స్నానాలకు, బట్టలకు బావి నీళ్లే. తోడినప్పుడు అద్దంలా ఉంటాయి. బకెట్లో కాసేపు ఉంచితే రంగు తిరిగి, అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. చాయ్ పెడితే సిరాలా నల్లబడుతుంది. సబ్బు నురుగు రాదు, పప్పు ఎంతకీ ఉడకదు. ఎరుపుకు కారణం ఇనుము, నురుగు రాకపోవడానికి కారణం కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. ఇవి రెండు వేరు వేరు సమస్యలని అప్పుడు నాకు తెలియదు.

ఒక రోజు నీళ్ల మిషన్లు అమ్మే అబ్బాయి వచ్చాడు. ఇంట్లో అత్తమ్మ, పక్కింటి వదినె ఉన్నారు. రెండు గాజు గ్లాసులు అడిగాడు. ఒకదాంట్లో తన బాటిల్ నీళ్లు, ఇంకోదాంట్లో మా బావి నీళ్లు పోశాడు. నాలుగు కడ్డీలున్న చిన్న పరికరాన్ని రెండు గ్లాసుల్లో ముంచి ప్లగ్గు పెట్టాడు. నిమిషం తిరగకముందే మా గ్లాసు పచ్చబడి, ముదురు గోధుమ రంగు తిరిగి, చివరికి బురద కాలువలా అయింది. వాడి గ్లాసు అలాగే ఉంది. మా గ్లాసును అత్తమ్మ ముఖం దాకా ఎత్తి, "చూడు అమ్మమ్మా, రోజూ మీ మనవడి కడుపులోకి పోయేది ఇదే" అన్నాడు.

అత్తమ్మ నా వైపు తిరిగి, "గీ నీళ్లతోనేనా పోరనికి అన్నం వండుతున్నవ్?" అంది. వదినె మాట్లాడలేదు, కానీ ముందున్న చాయ్ కప్పును పక్కకు జరిపింది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో వండి పెడుతున్నాను. ఆ కప్పు జరిపిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మూడో రోజే ముప్పై రెండు వేలు పెట్టి అతని దగ్గరే సాఫ్ట్‌నర్, అంటే కాఠిన్యం తీసే మిషను, బిగించుకున్నాం.

మొదటి నెల సబ్బు నురుగు బాగా వచ్చింది. మూడో నెలకు మళ్లీ మొదటికి వచ్చింది. మెకానిక్ వచ్చి విప్పితే, లోపల కాఠిన్యాన్ని పట్టుకునే, తేనె రంగులో ఉండాల్సిన రెసిన్ గింజలు తుప్పు ముద్దలా ఉన్నాయి. "మీ నీళ్లే మంచివి కావు మేడమ్, మిషన్లో ఉప్పు ఎక్కువ వేయండి" అని చెప్పి పోయాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. సాఫ్ట్‌నర్ చేసే పని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని సోడియం వదలడం. ఇనుము ఎక్కువున్న నీళ్లు నేరుగా పంపితే గింజలకు తుప్పు పట్టుకుంటుంది. ముందు ఇనుము తీసి ఆ తర్వాతే సాఫ్ట్‌నర్ పెట్టాలి. ఈ మాట అమ్మినవాడు చెప్పాలి కదా!

ఆ కడ్డీల సంగతి విప్పింది హన్మకొండలో కెమిస్ట్రీ చదువుతున్న మా అక్క కూతురు. గ్లాసెడు ఆర్వో నీళ్లు తీసుకుని చిటికెడు ఉప్పు వేసింది. రెండు ఇనుప మేకులు ముంచి 9 వోల్టుల బ్యాటరీకి కలిపింది. కొద్దిసేపట్లోనే అదే పచ్చదనం, అదే బురద. ఆ రంగు నీళ్లది కాదు, కరిగిపోయే ఇనుప కడ్డీది! ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, వాడి బాటిల్లోవీ అలాంటి నీళ్లే అయ్యుంటాయి, అందుకే వాడి గ్లాసు అలాగే ఉంది. నేను అత్తమ్మను పిలిచి, పక్కింటి వదినెను కూడా పిలిచి, మళ్లీ చేయించి చూపించాను. చూపించకుండా ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఇంటికొచ్చి కడ్డీలు ముంచేవాళ్లను గడప దాటనివ్వకండి. టీడీఎస్ మీటరును కూడా నమ్ముకోకండి, అది నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది, అందులో ఇనుము ఎంతుందో విడిగా తెలియదు.

తర్వాత ల్యాబుకు వెళ్లాను. కూల్‌డ్రింక్ బాటిల్లో రెండు రోజుల కింద పట్టిన నీళ్లు తీసుకెళితే ఇనుమంతా అడుగుకు చేరిపోయిందని తిప్పి పంపారు. వాళ్లే ఆసిడ్ వేసిన బాటిల్ ఇచ్చారు. మోటారు పావుగంట నడిపి, ట్యాంకు నుంచి కాకుండా బావి పైపు నుంచే పట్టాను. ఎరుపు ఇంట్లోని పాత జీఐ (ఇనుప) పైపు తుప్పు వల్ల అయితే అక్కడే తేలిపోతుంది. రిపోర్టులో ఇనుము లీటరుకు 2.6 మిల్లీగ్రాములు, కాఠిన్యం 480. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఇనుము 1 దాటకూడదు. కాఠిన్యం 200 లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు.

దారి చూపింది మాత్రం అత్తమ్మే. "మా తల్లిగారింట్ల రాత్రి గోలెంల పోసి తెల్లారేదాక ముట్టేటోళ్లం కాదు, పైనీళ్లే ముంచుకునేది" అంది. గాలి తగిలితే కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి కిందికి దిగుతుంది. మేమూ అదే చేశాం. మోటారు పైపు చివర షవర్ బిగించి, నీళ్లు మూడడుగుల ఎత్తు నుంచి డ్రమ్ములో పడేలా పెట్టాం. రాత్రంతా తేరాక పైనీళ్లు రెండో డ్రమ్ములోకి వస్తాయి. అందులో కింద కంకర, పైన కడిగిన ఇసుక. దాని నుంచి ట్యాంకుకు. మొత్తం నాలుగు వేల లోపే అయింది. మా ఆయన, నేను రెండు ఆదివారాల్లో బిగించాం, ప్లంబరు కూడా రాలేదు. మళ్లీ పరీక్ష చేయిస్తే ఇనుము 0.4కు దిగింది.

కాఠిన్యం అలాగే ఉంది, ఇసుకతో అది పోదు. పప్పుకు భగీరథ నీళ్లు పెడుతున్నాను. గీజర్ కాయిల్‌కు పట్టిన తెల్లపొరను నిమ్మ ఉప్పుతో కడుగుతున్నాం. మొన్న ఇసుక పైపొర తీసి కడిగితే కుంకుమ రంగు బురద రెండు బకెట్లు వచ్చింది. ఆ సాయంత్రం పక్కింటి వదినె వచ్చింది. చాయ్ తాగి, ఇంకో అర కప్పు పోయమంది.