గోడ పక్క నాచు మళ్లీ ఎండింది, పీహెచ్ దిగనంటోంది

చెట్టు కింద నాచు చక్కగా అల్లుకుంది, దానికిక ఢోకా లేదు. బాధంతా సిమెంటు గోడ వెంబడి ఉన్న మూరెడు పట్టీతోనే. అక్కడ పరిచిన హిప్నమ్ (పరుపులా పరుచుకునే ఒక రకం నాచు) మళ్లీ అంచుల నుంచి గోధుమరంగుకు తిరిగింది. వేలితో లేపితే చాపలా ఊడి వస్తోంది, మట్టిని అసలు పట్టుకోలేదు. ఇన్నాళ్లు కాపాడుకున్నాక ఇలా చూడాలంటే చాలా బాధగా ఉంది.

ఈ నాచుకు మట్టి కాస్త ఆమ్లంగా ఉండాలి, అందుకే పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) దించడానికి ఇంతకుముందు గోడ పక్క గంధకం వేశాను. ఇప్పుడు ఒక వంతు మట్టికి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, అరగంట ఆగి పీహెచ్ కొలిచాను. చెట్టు కింద 5.6. గోడకు మూరెడు దూరంలో 6.9, జానెడు దూరంలో 7.6! గంధకం వేశాక వానల్లో ఇదే చోటు 6.4కి దిగింది. వానలు ఆగి కుళాయి నీళ్లు మొదలయ్యాక మళ్లీ ఎక్కింది. (మట్టిలో గుచ్చే రెండు పుల్లల మీటర్లు దండగ. బఫర్ ద్రావణాలతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచూసుకునే పెన్ మీటరే కొనండి.)

నా మొదటి అనుమానం గోడ మీదే. దాని మొదట్లో మట్టి తీసి వెనిగర్ పోస్తే బుసబుసా నురగ వచ్చింది, అంటే కార్బోనేట్ (సున్నపు పదార్థం) ఉంది. బాక్టీరియా గంధకాన్ని ఆమ్లంగా మార్చినా, ఆ ఆమ్లమంతా ముందు ఈ కార్బోనేట్‌ను కరిగించడానికే ఖర్చయిపోతుంది. రెండో అనుమానం నీళ్లు. కుళాయి నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 480, కాచిన గిన్నె అడుగున తెల్లటి సున్నపు పొర కడుతుంది. నాచుకు నిజమైన వేళ్లు లేవు, ఆకులతోనే నీళ్లు పీలుస్తుంది. కాబట్టి ఆ సున్నం మట్టికే కాదు, నేరుగా ఆకులకూ అంటుతోంది. చెట్టు కింద నేను పోసేది పట్టి ఉంచిన వాననీళ్లే.

ఆమ్లత్వం కోసం ఫెర్రస్ సల్ఫేట్ వేయమని కొందరు చెబుతారు. దయచేసి వేయకండి, పచ్చికలో నాచును చంపడానికి వాడే మందే అది. మజ్జిగలో నాచు రుబ్బి పూయడమూ నాకు నచ్చదు, ముందు బూజే పడుతుంది.

ఇప్పుడు పట్టీని మూడు ముక్కలు చేస్తున్నాను. ఒకదానికి పాత మట్టే ఉంచి వాననీళ్లు. రెండోదానికి 10 సెంటీమీటర్లు తవ్వి, గోడకు ప్లాస్టిక్ షీట్ అడ్డం పెట్టి, చెట్టు కింది మట్టి నింపి వాననీళ్లు. మూడోది రెండోదానిలాగే, కానీ కుళాయి నీళ్లతో. రెండూ మూడూ పోల్చితే నీళ్ల సంగతి, ఒకటీ రెండూ పోల్చితే గోడ సంగతి తేలుతుంది. తప్పు గోడదే అయితే, అక్కడ హిప్నమ్ మానేసి సున్నపు గోడల మీద తనంత తానే మొలిచే టార్టులా మ్యూరాలిస్ అనే నాచు పెడతాను. అది పరుపులా పరుచుకోదు, చిన్న చిన్న గుబుర్లుగా పెరుగుతుంది, అయినా పచ్చగా ఉంటే చాలు.