తమ్ముడి కోసం రాసిన అఫిడవిట్

అమెరికాలో ఆశ్రయం కోరుతూ మా తమ్ముడు పెట్టుకున్న దరఖాస్తుకు జతగా, ఇంట్లో అతనికి జరిగినదంతా కళ్లారా చూసిన మనిషిగా నన్నొక అఫిడవిట్ పంపమని అతని వకీలు గారు అడిగారు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కోర్టు కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో నడుస్తాయి. అయినా ఆ ఇంట్లో పడిన ప్రతి మాటా తెలుగులోనే పడింది కనుక నేను తెలుగులోనే రాశాను. దానికి ఇంగ్లీషు అనువాదమూ, అనువాదకుడు సంతకం చేసిన ధ్రువీకరణా జతచేయాలి. అమ్మ వాడిన "ఆ రోగం" అన్న మాటను ఏం చేయమంటారని అనువాదకుడు అడిగితే, ఉన్నదున్నట్టే పెట్టమన్నాను.

1951 నాటి శరణార్థుల ఒప్పందం ఆశ్రయానికి ఐదు కారణాలను గుర్తిస్తుంది. వాటిలో ఒకటి, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందినందువల్ల కలిగే హింసాభయం. స్వలింగ ఆకర్షణ గలవారు ఆ కోవలోకి వస్తారని 1990లో ఒక క్యూబా దేశస్థుని కేసులో అమెరికా వలస కేసుల అప్పీళ్ల బోర్డు ఒప్పుకుంది, 1994లో ఆ నిర్ణయాన్ని మిగతా కేసులకూ ప్రమాణం చేశారు. ఆ దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోగా దరఖాస్తు ఇవ్వాలన్న నియమం ఉంది, మినహాయింపులు కొద్ది.

ఇక రుజువుల సంగతి. పదిహేనో ఏట నుంచీ మా తమ్ముడు శ్రద్ధగా నేర్చుకున్నది ఆనవాలు మిగల్చకపోవడమే: ఉత్తరాలు చింపి మహేంద్రతనయ నదిలో కలపడం, ఫోనులో సందేశాలు ఏ పూటకాపూట చెరిపేయడం, రథయాత్రనాడు ఆ స్నేహితుడి పక్కన కాకుండా పది అడుగులు వెనకగా నడవడం. అంత జాగ్రత్తగా బతికినవాణ్ణి ఇప్పుడు ఆధారాలు చూపమంటే ఎక్కడినుంచి తెస్తాడు? మిగిలిన ఆధారం నేనే.

2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు శిక్షాస్మృతిలోని 377వ సెక్షను పరిధిని కుదించి, ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలను నేరం కాకుండా చేసింది కదా, పోనీ హైదరాబాదులో ఉండవచ్చు కదా అని ఆశ్రయం ఇంటర్వ్యూ చేసే అధికారి అడుగుతారని వకీలు ముందే చెప్పారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మా తమ్ముడు హైదరాబాదులోనే ఉద్యోగం చేసుకుంటూ ఉండగా, తీర్పు వచ్చిన మరుసటి ఏడు మా పెదనాన్న, ఇద్దరు బావలు వెళ్లి, అమ్మకు బాగోలేదని చెప్పి తీసుకొచ్చారు. పక్క జిల్లాలో ఒక వైద్యుడు నయం చేస్తానని కరెంటు షాకులు పెట్టాడు. అలాంటి చికిత్స వృత్తి దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది 2022లో. దాక్కుని బతికితే హైదరాబాదు సురక్షితమే కావచ్చు. కానీ హింసకు భయపడి దాచుకోవలసి వచ్చేవాణ్ణి, దాచుకో అని వెనక్కి పంపడం తగదని 2010లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇరాన్, కామెరూన్ దేశస్థుల కేసులో తేల్చింది. అమెరికా అధికారులు ఆ తీర్పుకు కట్టుబడనక్కరలేదు, అయినా అందులోని తర్కం నాకు తిరుగులేనిదిగా కనిపిస్తుంది.

నాన్న అతన్ని పంతొమ్మిది రోజులు మేడమీది గదిలో పెట్టి తాళం వేశారు. ఆ భాగం రాస్తున్నప్పుడు తమ్ముడు ఫోను చేసి, "అప్పా, నాన్న గురించి కొంచెం తగ్గించి రాయవా" అన్నాడు. నేను తగ్గించలేదు. పగలంతా ఆ తాళంచెవి నా కొంగునే ఉండేదనీ, అతను పిలిచినా నేను తీయలేదనీ కూడా రాశాను. అతను ఆ వాక్యాలు చదివి చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత భోజనం చేశావా అని అడిగాడు.

నోటరీ ముద్ర వేయించి పంపాను. ఇంటర్వ్యూ తేదీ ఇంకా రాలేదు.