పెంకులు దించేలోపు

“నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి” అని మావయ్య నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తున్నాడు. “చాల్లెండి, మోకాళ్ల దాకానే” అని అత్తయ్య. 1986 ఆగస్టు గోదావరి వరద మీద వాదన అది. ఆరాధనలో రొట్టె విరిచి గంట దాటినా మా క్రైస్తవ ప్రార్థన మందిరంలోంచి ఎవరూ కదల్లేదు. వచ్చే వారం పెంకులు దించి స్లాబు వేస్తారు మరి.

నాకు వరద తెలీదు. 1996 నవంబరు తుఫాను తెలుసు. పాకలు ఎగిరిపోయిన రాత్రి పేటలో సగం మంది ఇక్కడే ఉన్నారు, ఆదివారం ఎప్పుడూ రానివాళ్లు కూడా. బల్లలు రెండేసి కలిపి పిల్లల్ని పడుకోబెట్టారు. మా బల్ల కుంటిది, ఎవరు దొర్లినా టకటకమనేది. తర్వాత కొన్నాళ్లు పడిపోయిన చెట్ల కొబ్బరికాయలే మాకు తిండి. ఇప్పటికీ కొబ్బరన్నం అంటే నాకు పడదు.

1836లో ఇండియాకి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ దొరల గురించి ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నామో. ఇవాళ మాత్రం వాళ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎవరు ఏ కిటికీ పక్కన కూర్చునేవారు, ప్రార్థన మధ్యలో ఎవరు గురక పెట్టారు, అంతా ఇదే. నాకైతే ఈ చరిత్రే నచ్చింది.

మా అన్నయ్య కొడుకు మధ్యలో దూరి “కొత్త దాన్లో ఏసీ ఉంటుందా?” అన్నాడు.

“ముందు ఫ్యాన్ల చందా ఇవ్వమను మీ నాన్నని” అంది అత్తయ్య.