జీడీపీలో ఆరోగ్య వాటా: లెక్క ఎక్కడ తిరగబడుతుంది

వర్ధమాన దేశంలో ప్రభుత్వ ఆరోగ్య ఖర్చు వృద్ధిని పెంచుతుందా లేదా అని లెక్క కట్టేవాళ్లు తరచూ మొదటి అడుగులోనే బోల్తా పడతారు. ఖర్చును జీడీపీలో శాతంగా తీసుకుని వృద్ధి రేటు పక్కన పెట్టేస్తారు. జీడీపీ 100, ఆరోగ్య ఖర్చు 3 అనుకోండి. మరుసటి ఏడాది జీడీపీ 94కి పడిపోయి, ఖర్చు 3 దగ్గరే ఆగితే వాటా 3.19 శాతం అవుతుంది. ఆసుపత్రులకు అదనంగా పైసా రాలేదు. అయినా రిగ్రెషన్ (ఒక అంకె మారితే ఇంకొకటి ఎంత మారుతుందో అంచనా కట్టే పద్ధతి) మాత్రం ఖర్చు పెరిగింది, వృద్ధి తగ్గింది అంటుంది. గుణకం, అంటే ఖర్చు మారితే వృద్ధి ఎంత మారుతుందో చెప్పే అంకె, మైనస్‌లో రాగానే ఆరోగ్యం మీద ఖర్చు దండగని తేల్చే ముందు ఈ హారం (జీడీపీ) సంగతి చూసుకోవాలి.

అన్నట్టు, 2001లో ఆఫ్రికా దేశాలు నైజీరియా రాజధాని అబూజాలో ఆరోగ్యానికి ఇస్తామని ఒప్పుకున్న 15 శాతం కూడా బడ్జెట్‌లో వాటా, జీడీపీలో కాదు. ఈ రెండూ కలగలిపేవాళ్లకు కొదవలేదు.

ధరల పెరుగుదల తీసేసిన తలసరి ఖర్చును లాగరిథమ్‌లోకి మార్చి వాడటం మేలు. అదీ బడ్జెట్ అంచనా కాదు, వాస్తవ ఖర్చు. అంచనాలో రాసిందంతా విడుదల కాదు. విడుదలైనది ఏడాది చివర్లో చేరితే, మందుల టెండరు ముగిసేలోపే గడువు దాటి నిధులు మురిగిపోతాయి. జీతాలు మాత్రం ఆగవు. నర్సు ఉంటుంది, మందు ఉండదు. పద్దు చూస్తే ఖర్చు బాగానే కనిపిస్తుంది.

జీడీపీ, ఖర్చు రెండూ ఏటా పెరిగేవే కాబట్టి, వాటి మధ్య సంబంధం లేకపోయినా ఆర్-స్క్వేర్ (లెక్క డేటాకు ఎంత సరిపోయిందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.95 రావచ్చు. డర్బిన్-వాట్సన్ విలువ (ఒక ఏడాది అంచనా తప్పు మరుసటి ఏడాది తప్పుతో ముడిపడిందా అని చూసే అంకె) ఆర్-స్క్వేర్ కన్నా తక్కువుంటే ఆర్థిక గణాంక నిపుణులు గ్రేంజర్, న్యూబోల్డ్ 1974లో చెప్పిన ఉత్తుత్తి సంబంధమేమోనని అనుమానించాలి. ముందు యూనిట్ రూట్ పరీక్ష (అంకెలు స్థిరమైన సగటు చుట్టూ తిరుగుతున్నాయా, కొట్టుకుపోతున్నాయా అని చూసేది), ఆ తర్వాతే ఏఆర్‌డీఎల్ (గత ఏళ్ల విలువలను కూడా కలిపి లెక్కించే రిగ్రెషన్). అక్కడ డేటా చాలదు. 30 ఏళ్ల అంకెలు, జీడీపీతో కలిపి నాలుగు చలరాశులు, రెండేసి లాగ్‌లు (గత రెండేళ్ల విలువలు) పెడితే జీడీపీకి రెండు, మిగతా మూడింటికి ఈ ఏడాది విలువతో కలిపి మూడేసి, స్థిరాంకంతో కలిపి 12 గుణకాలు. లాగ్‌లకు రెండేళ్లు పోగా 28 పరిశీలనలే మిగులుతాయి. ఇంకో చలరాశి చేర్చాలన్న ఆశ ఇక్కడే చంపుకోవాలి.

రెండేళ్ల లాగ్‌కు అందని ఫలితాలూ ఉన్నాయి. మలేరియా మందు కూలి పనిదినాలను ఆ ఏడాదే కాపాడుతుంది. పసిపిల్లల టీకా ఫలితం శ్రామిక శక్తిలో కనిపించాలంటే 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. మొత్తం ఖర్చును ఒకే అంకెగా పెడితే టీకా సొమ్ము ఏ ఫలితమూ ఇవ్వనట్టే తేలుతుంది. పద్దులు దొరికితే నివారణ, చికిత్స, భవనాలు విడదీసి పెట్టండి. దొరక్కపోతే మీ గుణకం స్వల్పకాలానికే చెల్లుతుందని పట్టిక కిందే రాయండి.