ఏథెన్స్‌లో దసరా, యాభై డాలర్ల పార్కింగ్

కారు ఆపుకోవడానికి యాభై డాలర్లు. అదీ ఎవరింటి ముందో గడ్డి మీద. ఇంటాయన మడత కుర్చీ వేసుకుని, అట్టముక్క మీద రేటు రాసి పెట్టుకుని కూర్చున్నాడు. బేరమాడబోతే నవ్వి, నా వెనక ఆగి ఉన్న కార్ల వరస చూపించాడు. 2024 అక్టోబరు 12, శనివారం. మనకు దసరా. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌కు మాత్రం మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. తొంభై రెండు వేల మందికి పైగా పట్టే స్టేడియం ఊరి మధ్యలో ఉంటే ఆ రోజు కారులో వచ్చినవాడి గతి అంతే.

మా మేనల్లుడు అక్కడ యూనివర్సిటీలో చదువుతున్నాడు. పండక్కి ఇంటికి రమ్మంటే, మ్యాచ్ టికెట్ కొన్నానని రానన్నాడు. మా చెల్లెలు అలిగింది. అలిగి కూడా పులిహోర, గారెలు, సకినాలు డబ్బాలకెత్తి నా చేతిలో పెట్టింది. మేముండే కమ్మింగ్ నుంచి 20వ నంబరు రోడ్డు మీదుగా పోయి 316 హైవే ఎక్కితే మామూలు రోజున గంటంబావు. ఆ రోజు రెండున్నర గంటలు పట్టింది. 316 మీద సిగ్నళ్లు తీసేసి వంతెనలు కడతామని ఎంతకాలంగానో తవ్వుతున్నారు. ఎర్ర చొక్కాల వాళ్లు కిటికీల్లోంచి జెండాలు ఊపుతూ పోతుంటే నేను పులిహోర వాసన పీలుస్తూ కూర్చున్నాను.

చెల్లెలికి చెప్పలేదు గానీ ఈ పనికి నేను వెంటనే ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది. ఆర్‌ఈఎమ్ అనే రాక్ బ్యాండు పుట్టిన ఊరు అది. అట్లాంటా చుట్టుపక్కల ఇన్నేళ్లుగా ఉంటున్నా ఆ పని మీద ఎప్పుడూ పోలేదు.

డబ్బాలు ఇవ్వడం పది నిమిషాల్లో అయిపోయింది. మొహానికి ఎర్ర రంగు పూసుకుని వచ్చాడు మావాడు. నేను ఫలానా బ్యాండు కోసం ఊరు తిరుగుతానంటే, "అదేంది మామా, నిద్రలో కళ్లు తిరుగుతయి చూడు, అదా?" అన్నాడు. వాడిది బయాలజీ. నలభై ఏళ్ల కిందట ఆ కాలేజీలో చేరి, చదువు వదిలేసి, ఆ ఊరి పేరును ప్రపంచానికి తెలిపిన నలుగురి గురించి వాడికి ఎవరూ చెప్పలేదట. గారె ఒకటి నోట్లో పెట్టుకుని స్నేహితులతో వెళ్లిపోయాడు.

ఓకోనీ వీధిలో దిగువకు నడిస్తే ఆ గోపురం వస్తుంది. 1980 ఏప్రిల్ 5న ఒక స్నేహితురాలి పుట్టినరోజు పార్టీలో ఈ నలుగురూ మొదటిసారి వాయించింది అక్కడి పాత చర్చిలో. అప్పటికి బ్యాండుకు పేరు కూడా కుదరలేదు. తర్వాత డిక్షనరీ తిరగేసి పెట్టుకున్నారు. 1990లో చర్చిని కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. గోపురం మాత్రం ఉంచారు. ఇటుకల గోపురం ఒక్కటీ పార్కింగ్ పక్కన నిలబడి ఉంటుంది. సంగీతకారుల మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే నూచీస్ స్పేస్ అనే సంస్థ పక్కనే ఉంది, గోపురం బాగోగులు కూడా వాళ్లే చూస్తున్నారు. నేను వెళ్లేసరికి ఆ నీడలో నలుగురు కుర్రాళ్లు బీరు డబ్బాలు పెట్టుకుని, మ్యాచ్‌కు ముందు ఆటేదో ఆడుతున్నారు. ఫొటో తీసుకుంటుంటే, తామే అడ్డమనుకుని పాపం పక్కకు జరిగారు.

క్లేటన్ వీధి మూలన ఉన్న వక్‌స్ట్రీ రికార్డుల దుకాణంలో ఎక్కువసేపు లేను. ఆర్‌ఈఎమ్ గిటారిస్టు పీటర్ బక్ అక్కడ కౌంటర్లో పనిచేసేవాడు. తన కోసం దాచుకున్న రికార్డులనే ఏరి కొనుక్కుపోయే మైకేల్ స్టైప్ అనే ఆర్ట్ విద్యార్థితో, అంటే తర్వాత బ్యాండు గాయకుడైనవాడితో, స్నేహం కలిసింది అక్కడే. వాళ్ల మొదటి ఆల్బమ్ మర్మర్ రికార్డు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ధర చూసి తిరిగి పెట్టేశాను. పార్కింగ్ యాభై ఇంకా గొంతులో అడ్డంపడి ఉంది.

అప్పటికి ఆకలి మొదలైంది. మాది హన్మకొండ. దసరా నాడు ముక్క లేకుండా మా ఇంట్లో పండగ జరిగినట్టు లెక్కలోకి రాదు. పొద్దున్నే బయల్దేరడంతో చెల్లెలు వండిన మటన్ తినకుండానే వచ్చాను. ఈస్ట్ బ్రాడ్ వీధిలో వీవర్ డీస్ ఉందిగా అని దిగువకు నడిచాను. ఆకుపచ్చ రంగు వేసిన చిన్న కట్టడం. నల్లవాళ్ల ఇంటి వంటల హోటల్. అక్కడ ఏది అడిగినా 'ఆటోమేటిక్' అనడం యజమాని డెక్స్‌టర్ వీవర్ అలవాటు. బోర్డు మీద 'ఆటోమేటిక్ ఫర్ ది పీపుల్' అని ఉంటుంది. దాన్నే ఆర్‌ఈఎమ్ వాళ్లు ఆయన్ని అడిగి తీసుకుని 1992లో తమ ఆల్బమ్‌కు పేరుగా పెట్టుకున్నారు. 2007లో, వంటలకూ హోటళ్లకూ అవార్డులిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ఈ హోటల్‌కు అమెరికన్ క్లాసిక్స్ అవార్డు ఇచ్చింది.

వేయించిన కోడి, మాకరోనీ, గుమ్మడి జాతి కూరేదో ఒకటి తీసుకున్నాను. కోడి బాగుంది. పైన కరకర, లోపల మెత్తన. కారం మాత్రం లేదు. బల్లలన్నీ నిండి ఉంటే ఒక పెద్దాయన ఎదురు కుర్చీ చూపించాడు. అరవై దాటి ఉంటాయి. మ్యాచ్‌కు పోవట్లేదా అన్నాను. ఈ గోల పడలేకే ఇక్కడ దాక్కున్నాను అన్నాడు. నేనెందుకొచ్చానో చెప్పగానే ఆయన మొహం వెలిగింది. 1980లలో విద్యార్థిగా వాళ్లను 40 వాట్ క్లబ్బులో చాలాసార్లు చూశాడట.

తర్వాత అడిగాడు. "మీరు ఎప్పటినుంచి వింటున్నారు?"

"1992 నుంచి."

"ఓ. టీవీ తర్వాత."

అంతే అన్నాడు. ముక్క కొరికాడు. నాకు మాత్రం చురుక్కుమంది.

ఆయన లెక్క నాకు తెలియనిది కాదు. 1981లో హిబ్-టోన్ అనే చిన్న కంపెనీ నుంచి వాళ్ల మొదటి సింగిల్ వచ్చింది. ఆ ఏడాది ఉత్తమ సింగిల్స్ పదింటిలో దాన్ని న్యూయార్క్ టైమ్స్ లెక్కేసింది. 1983లో మర్మర్ వస్తే, మైకేల్ జాక్సన్ థ్రిల్లర్‌ను పక్కనపెట్టి రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రిక విమర్శకులు దానికి మొదటి స్థానం ఇచ్చారు. స్టైప్ ఏం పాడుతున్నాడో అందులో సగం అర్థం కాదు, గొణుగుడు. అమ్మకాల పట్టికలో 36వ స్థానం దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు వ్యాన్ వేసుకుని ఊరూరా తిరిగారు. కాలేజీ రేడియోల్లో వేసేవారు తప్ప మామూలు జనానికి తెలియదు. ఆల్బమ్‌కూ ఆల్బమ్‌కూ అమ్మకాలు కొంచెం కొంచెం పెరిగాయి. ఒక పాట టాప్ టెన్‌లోకి రావడానికి 1987 దాకా పట్టింది. 1988లో వార్నర్ అనే పెద్ద కంపెనీకి మారారు. పాత శ్రోతలు కొందరు అప్పుడే ముఖం చిట్లించారు. 1991లో మాండొలిన్ మీద కట్టిన 'లూజింగ్ మై రెలిజియన్' వచ్చింది. ఆల్బమ్ ఇక్కడా ఇంగ్లండ్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. ఆ ఆల్బమ్ కోసం వాళ్లు టూర్ కూడా చేయలేదు. అంతా టీవీయే మోసింది.

మరి మాకు దొరికింది ఆ టీవీ ఒక్కటే కదా! మా వీధిలోకి కేబుల్ అప్పుడే వచ్చింది. ఒక డిష్ పెట్టి, మేడల మీదుగా తీగలు లాగి ఇచ్చేవాడు కేబులాయన. స్టార్ వాళ్ల ఎంటీవీలో రాత్రిపూట ఆ పాట వచ్చేది. బక్కపలచటి మనిషి ఒకడు చేతులు వింతగా ఊపుతూ పాడుతుంటే, మధ్యలో మన క్యాలెండర్ దేవుళ్లు కనిపించేవారు. మా నాన్న ఆగి చూసి, వీళ్లకు మన దేవుళ్లు ఎట్ల దొరికిండ్రని అడిగారు. జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ దాన్ని తీశాడనీ, 1991లో ఎంటీవీ ఉత్తమ వీడియో బహుమతి దానికే వచ్చిందనీ నాకు అమెరికా వచ్చాకే తెలిసింది. హన్మకొండ చౌరస్తాలో హిబ్-టోన్ సింగిల్ ఎక్కడ దొరుకుతుంది? ఆ మాటే ఆయనతో అన్నాను, కొంచెం గట్టిగానే. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు.

ఆయనకు కోపం రాలేదు. పంజాబీ దర్శకుడి సంగతి తనకు తెలియదని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆయన మనసులో మొదటి స్థానం ఆర్‌ఈఎమ్‌ది కానే కాదు. పైలాన్‌ది. 1979లో అక్కడి ఆర్ట్ విద్యార్థులు పెట్టిన బ్యాండు. 40 వాట్ అనే పేరు కూడా పైలాన్ డ్రమ్మర్ ఉండే గదిలో వేలాడే బల్బు వల్లే వచ్చింది. 1987లో రోలింగ్ స్టోన్ ఆర్‌ఈఎమ్‌ను అమెరికాలో అత్యుత్తమ రాక్ బ్యాండ్ అని అట్ట మీద వేస్తే, డ్రమ్మర్ బిల్ బెర్రీ ఆ గౌరవం పైలాన్‌కు దక్కాలన్నాడు. యూ2 అనే పెద్ద బ్యాండు కచేరీల్లో వాళ్లకన్నా ముందు వాయించే అవకాశం కూడా పైలాన్‌కు వచ్చింది. సరదా పోతోందనిపించి 1983లో ఆపేశారు. గాయని వనెసా తర్వాత నర్సు ఉద్యోగం చేసింది.

"వాళ్లను టీవీ ముట్టుకోలేదు," అన్నాడాయన గర్వంగా.

ముట్టుకుని ఉంటే నేనూ వినేవాణ్ని కదా అన్నాను. నవ్వాడు. ఎవరూ వినకపోవడాన్ని ఆస్తిలా దాచుకునే వాళ్లంటే నాకు చిరాకే. కానీ ఆయన దగ్గర అది అంత చెడ్డగా అనిపించలేదు. పోయేముందు చేతి రుమాలు కాగితం మీద వినాల్సిన పైలాన్ పాటల జాబితా రాసిచ్చాడు.

మర్మర్ వెనక అట్ట మీద ఉన్న రైలు వంతెన అక్కడికి దగ్గరే, డడ్లీ పార్కులో. పాత కొయ్య వంతెన పోయింది, ఇప్పుడున్నది నడకదారి కోసం కొత్తగా కట్టింది. ముందు అట్ట మీదున్న కుడ్జు తీగ మాత్రం జార్జియా అంతటా అలాగే ఉంది. మన చెరువుల్ని గుర్రపుడెక్క కమ్మేసినట్టు ఇక్కడ చెట్లనీ స్తంభాలనీ కప్పేస్తుంది. స్టేడియం వైపు నుంచి అరుపు వినిపించింది. మ్యాచ్ అయ్యాక కదిలితే నా పని అంతేనని పరుగున ఆ గడ్డి దగ్గరికి పోయి కారు తీశాను. తిరుగు దారిలో ఆ జాబితాలోవి విన్నాను. బాగున్నాయి. ఆయన చెప్పినంతా అంటే, ఏమో.

తర్వాతి ఫిబ్రవరిలో, 2025లో, మేనల్లుడు మెసేజ్ పెట్టాడు. "మామా, నువ్వు చెప్పిన బ్యాండ్ నిన్న రాత్రి 40 వాట్‌లో వాయించిండ్రట. నలుగురూ." మైకేల్ షానన్ అనే నటుడు, జేసన్ నార్డూసీ అనే సంగీతకారుడు కలిసి ఆర్‌ఈఎమ్ పాటల కచేరీ పెట్టుకుంటే, మధ్యలో ఈ నలుగురూ ఎక్కి ఒక పాట వాయించారు. 1997లో వ్యవసాయం చేసుకుంటానని తప్పుకున్న బెర్రీ కూడా ఉన్నాడు. బ్యాండు 2011లోనే ముగిసిపోయింది. వీడి రూము నుంచి ఆ క్లబ్బు నడిస్తే పది నిమిషాలు. నేనేమో ఆ రాత్రి టాక్స్ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. వీణ్ణి తిట్టడానికి ఫోన్ చేస్తే, తప్పు తనది కాదని, ముందు ఎవరూ చెప్పలేదని వాదించాడు. చివర్లో, ముందుగా ఏ పాట వినమంటావని అడిగాడు. రుమాలు కాగితం కారులోనే ఉంది. నేను టీవీ పాటే పంపాను.