టార్చిలైటు తీగతో గాలం

నాకు ఈత రాదు. అయినా సముద్రంలో చిక్కుకుని బతికి బయటపడ్డవాళ్ల కథలు కనిపిస్తే చాలు, నిద్ర మానుకుని మరీ చదువుతాను. వాటిలో పూన్ లిమ్ కథ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

1942 నవంబరు 23న, అతను స్టివార్డుగా పనిచేస్తున్న బ్రిటిష్ సరకు ఓడ బెన్ లోమండ్‌ని దక్షిణ అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. లైఫ్ జాకెట్‌తో దూకేసి, రెండు గంటలు నీళ్లలో కొట్టుకున్నాక ఓ చెక్క తెప్ప దొరికింది. దాని మీద బిస్కెట్ డబ్బాలు, కొన్ని మంచినీళ్లు, ఓ టార్చిలైటు, ఇంకా ఏవో చిన్నాచితకా. అతనికీ ఈత అంతంతమాత్రమే. అందుకని పొరపాటున పడిపోయినా తెప్ప దూరమైపోకుండా మణికట్టుకి తాడు కట్టుకున్నాడు.

మనకేమో సముద్రం అనగానే సొరచేపలు గుర్తొస్తాయి కానీ, అసలు ప్రాణం తీసేది దాహం. సముద్రపు నీళ్లలో ఉప్పు దాదాపు 3.5 శాతం ఉంటుంది, మన కిడ్నీలు మూత్రాన్ని అంత ఉప్పగా చెయ్యలేవు, కాబట్టి ఓ గ్లాసుడు తాగితే ఆ ఉప్పుని బయటికి పంపడానికి ఒంట్లోంచి గ్లాసు కంటే ఎక్కువే నీళ్లు పోతాయి. తాగేకొద్దీ ఇంకా ఎండిపోతాం. ఇదంతా తెలిసి కూడా, అబద్ధమెందుకు, నేనైతే మూడో రోజుకే దోసిట్లో పట్టి తాగేసేదాన్ని.

అతను తాగలేదు. లైఫ్ జాకెట్ మీది కాన్వాస్ గుడ్డ విప్పి వాన నీళ్లు పట్టుకున్నాడు. టార్చిలైటులోని తీగ పీకి వంచి గాలం చేశాడు, తాడు పురి విప్పి దానికి దారం కట్టాడు, పెద్ద చేపల కోసం తెప్పలోంచి మేకు ఊడబెరికాడు. డబ్బా రేకే కత్తి. ఒకసారి తుఫాను వచ్చి దాచుకున్న చేపలూ నీళ్లూ పాడైపోతే, పక్షిని పట్టి దాని రక్తం తాగాడు. 2012 చివర్లో మెక్సికో నుంచి చేపల వేటకెళ్లి, 2014 జనవరిలో పసిఫిక్‌లోని మార్షల్ దీవుల్లో తేలిన అల్వరెంగా అనే జాలరి కూడా తాబేళ్ల రక్తం తాగే బతికాడట. చదవడానికే ఒళ్లు జలదరిస్తుంది, కానీ దాహం అంటే అదే మరి.

నన్ను పట్టుకు వదలనిది మాత్రం ఇంకోటి. పూన్ లిమ్ మొదట్లో తాడుకి రోజుకో ముడి వేసి లెక్కపెట్టుకునేవాడట. కొన్నాళ్లకి అది మానేసి, పౌర్ణములు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఓడ కనబడి, ఆగకుండా వెళ్లిపోయిందీ చూశాడు. 133 రోజుల తర్వాత, 1943 ఏప్రిల్ 5న బ్రెజిల్ జాలరులు పడవలోకి ఎక్కించుకున్నారు. ఒడ్డుకి చేరాక ఎవరూ పట్టుకోకుండానే నడిచాడు.