స్కైవార్న్ నెట్‌లో రిపోర్ట్ ఇచ్చేటప్పుడు

స్కైవార్న్ అంటే తీవ్ర వాతావరణాన్ని కళ్లారా చూసి రిపోర్ట్ చేసే వాలంటీర్ల కార్యక్రమం. అమెరికా జాతీయ వాతావరణ సర్వీసు ఇచ్చే ఈ శిక్షణ ఉచితం. దానికి హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ అక్కర్లేదు గానీ, ఉంటే 2 మీటర్ల రేడియో బ్యాండ్‌లో, నెట్ (ఒకే ఫ్రీక్వెన్సీలో అందరూ కలిసే రేడియో సమావేశం) నడిపే నెట్ కంట్రోల్‌కి నేరుగా చెప్పొచ్చు.

పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్) నొక్కి ఒక సెకను ఆగండి, లేదంటే రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని తిరిగి దూరానికి పంపే స్టేషన్) మొదటి మాట మింగేస్తుంది. కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే రేడియో గుర్తింపు), టైమ్, చోటు, చూసింది. అంతే. "పెద్ద వడగళ్లు" అంటే ఎవరికీ పనికిరాదు, స్కేలు పెట్టి కొలవండి. 1 అంగుళం, ఆపైన ఉంటే తీవ్రమైనదిగా లెక్క. గాలికైతే గంటకు 58 మైళ్లు. అంచనా అయితే అంచనా అనే చెప్పండి.

కొత్తవాళ్లు బోల్తా పడేది స్కడ్ దగ్గర. చిరుగుల మబ్బు ముక్క వేలాడుతూ అచ్చం గరాటులా కనిపిస్తుంది. కాసేపు కదలకుండా చూడండి. సుడి తిరగకపోతే టోర్నడో అనొద్దు.

కారులో 5 వాట్ల హ్యాండీ (చేతి రేడియో) సిగ్నల్‌కి ఇనుప బాడీ అడ్డం. కప్పు మీద మ్యాగ్నెట్ యాంటెన్నా పెట్టండి. ఇంట్లో అయితే మెరుపులు దగ్గరికి రాకముందే బయటి యాంటెన్నా కేబుల్ పీకేయండి.